ఎంత దూరం, ఎన్ని గంటలు: రెండు నగరాల మధ్య విమాన ప్రయాణాన్ని లెక్కగట్టడం ఎలా?

లండన్ నుంచి సింగపూర్‌కు విమానంలో ఎన్ని గంటలు పడుతుందని ఎవరైనా అడిగితే నేను వెంటనే జవాబు చెప్పను. వెళ్లడానికా, తిరిగి రావడానికా? ఏ నెలలో? మీకు కావలసింది గాలిలో ఉండే గంటలా, సీట్లో కూర్చునే గంటలా? ఇంట్లోవాళ్లు దీన్ని చాదస్తం అంటారు. చాలా ఏళ్లు ఫ్లైట్ డిస్పాచర్‌గా పనిచేసినవాడికి ఆ మాత్రం చాదస్తం తప్పదు. విమానం కదలకముందే అది ఏ దారిన పోవాలో, ఎక్కడ గాలి ఎదురొస్తుందో, ఎంత ఇంధనం నింపాలో లెక్కవేసి పైలట్ చేతికి కాగితాలు ఇవ్వడమే డిస్పాచర్ పని.

ఆ పనిలో మొదటి రోజే తెలిసే సంగతి ఒకటుంది. రెండు విమానాశ్రయాల మధ్య దూరం మారదు, ప్రయాణ సమయం మాత్రం రోజూ మారుతుంది. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి, ఒక్క అంకె చూపించి చేతులు దులుపుకొనే వెబ్‌సైట్లంటే నాకు చిరాకు. మీరే లెక్క వేసుకోవచ్చు. కష్టమేమీ కాదు.

ముందు దూరం

భూమి గుండ్రంగా ఉందని చిన్నప్పుడే చదువుకుంటాం. దూరం చూడాల్సి వచ్చేసరికి మాత్రం గోడ మీది పటం వైపే తిరుగుతాం. టోక్యో, న్యూయార్క్ నగరాలనే తీసుకోండి. టోక్యో 36వ అక్షాంశం దగ్గర, న్యూయార్క్ 41వ అక్షాంశం దగ్గర ఉన్నాయి. పటంలో చూస్తే పసిఫిక్ మీదుగా తిన్నగా తూర్పుకు పోతే చాలనిపిస్తుంది. 38వ అక్షాంశం వెంబడి నిజంగానే అలా పోతే దాదాపు 12,800 కి.మీ. అవుతుంది. అసలైన దగ్గరి దారి అలాస్కా ఉత్తర తీరం దాకా, అంటే 70 డిగ్రీల అక్షాంశం దరిదాపుల వరకు ఎక్కి దిగుతుంది. దాని పొడవు సుమారు 10,850 కి.మీ. మాత్రమే. తేడా దాదాపు రెండు వేల కిలోమీటర్లు, రెండు గంటలకు పైగా ప్రయాణం. ఇందులో ఆ తరహా గోడ పటాన్ని రూపొందించిన మెర్కేటర్‌ను తప్పుపట్టడానికి లేదు. ఆయన 1569లో ఆ పటాన్ని తయారుచేసింది ఓడ నడిపేవాళ్ల కోసం, దిక్సూచి కోణం చెడకుండా ఉండటం కోసం. అందుకోసం ధ్రువాల వైపు పోయేకొద్దీ భూమిని సాగదీయక తప్పలేదు.

గుండ్రటి భూమి మీద ఈ దగ్గరి దారినే మహావృత్తం అంటారు. భూమి కేంద్రం గుండా, రెండు నగరాల గుండా పోయేలా భూగోళాన్ని రెండుగా కోస్తే పైన పడే గీత అది. ఇంట్లో గ్లోబు ఉంటే సూత్రాలతో పనిలేదు. రెండు నగరాల మధ్య ఒక దారాన్ని బిగుతుగా లాగి పట్టుకోండి. దారం తనంతట తానే దగ్గరి దారిలోకి సర్దుకుంటుంది. ఆ ముక్కను తీసి భూమధ్యరేఖ మీద పరచండి. ఎన్ని డిగ్రీల మేర వచ్చిందో చూసి 111తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. గ్లోబు మరీ పిల్లలు ఆడుకునేంత చిన్నది కాకపోతే ఈ అంకె నమ్మదగ్గదే. పిల్లలకు భూగోళం నేర్పించాలంటే ఇంతకన్నా మంచి పద్ధతి నాకు తెలియదు.

ఖచ్చితంగా కావాలంటే రెండు విమానాశ్రయాల అక్షాంశ, రేఖాంశాలు కావాలి. నగరాలవి కాదు, విమానాశ్రయాలవి. టోక్యోకు నరీటా విమానాశ్రయం నగర మధ్యం నుంచి 60 కి.మీ. దూరంలో ఉంది, హనేడా నగరంలోనే ఉంది. పేరు దగ్గర కూడా జాగ్రత్త పడాలి. ఆస్ట్రేలియాలో ఒక సిడ్నీ ఉంది, కెనడాలోని నోవా స్కోషియాలో మరో సిడ్నీ ఉంది. మొదటిదనుకుని రెండోదానికి టికెట్లు కొనుక్కుని అక్కడ దిగిన ప్రయాణికుల గురించి పత్రికలు రాశాయి కూడా. విమానాశ్రయాలకు మూడక్షరాల కోడ్ ఉన్నది ఇలాంటి తికమకలు రాకూడదనే.

ఇక లెక్క. ఉత్తర అక్షాంశాలు, తూర్పు రేఖాంశాలు ధనసంఖ్యలు. దక్షిణం, పడమర రుణసంఖ్యలు. రెండు అక్షాంశాల సైన్ విలువలను ఒకదానితో ఒకటి గుణించి పక్కన పెట్టండి. తర్వాత రెండు అక్షాంశాల కొసైన్ విలువలను గుణించి, ఆ లబ్ధాన్ని రేఖాంశాల తేడా కొసైన్‌తో మళ్లీ గుణించండి. రెండు ఫలితాలను కలపండి. ఏ కోణానికి కొసైన్ ఆ మొత్తానికి సమానమో కనుక్కుంటే అదే రెండు చోట్ల మధ్య కోణం. దాన్ని 111.2తో గుణిస్తే దూరం.

లండన్ హీత్రో ఉన్నది 51.47 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 0.45 డిగ్రీల పడమటి రేఖాంశం దగ్గర. సింగపూర్ చాంగి ఉన్నది 1.36 ఉత్తరం, 103.99 తూర్పు. సైన్‌ల లబ్ధం 0.0186. కొసైన్‌ల లబ్ధాన్ని 104.44 డిగ్రీల కొసైన్‌తో గుణిస్తే మైనస్ 0.1553. మొత్తం మైనస్ 0.1367. దానికి సరిపడే కోణం 97.86 డిగ్రీలు. దూరం సుమారు 10,880 కి.మీ.

కంప్యూటర్‌లో స్ప్రెడ్‌షీట్ మీద చేస్తుంటే ఒక మాట. అది కోణాలను డిగ్రీలలో కాదు, రేడియన్లు అనే మరో కొలతలో తీసుకుంటుంది. ముందే మార్చకపోతే లండన్, సింగపూర్ పక్కపక్క వీధుల్లో ఉన్నట్టు లెక్క తేలినా ఆశ్చర్యం లేదు.

కొన్ని జంటలకు ఇంత తతంగం కూడా అక్కర్లేదు. సింగపూర్ 104 డిగ్రీల తూర్పున ఉంది, న్యూయార్క్ 74 డిగ్రీల పడమరన ఉంది. కలిపితే 178. అంటే భూగోళానికి దాదాపు ఎదురెదురు రేఖాంశాలు. కాబట్టి దగ్గరి దారి ఉత్తర ధ్రువానికి చేరువగా పోతుంది. సింగపూర్ నుంచి ధ్రువానికి 88.6 డిగ్రీలు, అక్కడి నుంచి న్యూయార్క్‌కు 49.4 డిగ్రీలు. మొత్తం 138. దాన్ని 111.2తో గుణిస్తే సుమారు 15,350 కి.మీ. ఈ రెండు నగరాల మధ్య ఆగకుండా తిరిగే విమానాలకు ప్రకటించే దూరం కూడా ఇంతే. ప్రపంచంలో అతి పొడవైన సాధారణ ప్రయాణికుల సర్వీసులలో ఇదొకటి. నోటి లెక్కతో తేలిపోయింది.

భూమి పక్కా గోళం కాదు, ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉంటుంది. అందువల్ల వచ్చే తేడా సగం శాతం లోపే. ప్రయాణికుడు దాన్ని పట్టించుకోనక్కర్లేదు. మైళ్ల దగ్గర మాత్రం పట్టించుకోవాలి. పైలట్లు, డిస్పాచర్లు వాడేది నాటికల్ మైలు, అంటే 1.852 కి.మీ. మామూలు మైలు 1.609 కి.మీ. అదే లండన్–సింగపూర్ దూరం ఒకచోట 5,875 మైళ్లనీ మరోచోట 6,760 మైళ్లనీ కనిపిస్తే రెండూ నిజమే కావచ్చు.

గంటల సంగతి

దూరప్రయాణాలు చేసే బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 వంటి విమానాలు ధ్వని వేగంలో 0.85 వంతు వేగంతో ఎగురుతాయి. పదకొండు కిలోమీటర్ల ఎత్తులోని చలిలో ధ్వని వేగం గంటకు సుమారు 1,060 కి.మీ.కు తగ్గుతుంది. కాబట్టి విమాన వేగం గంటకు 900 కి.మీ.కు అటూఇటూ. అలాగని దూరాన్ని 900తో భాగించకండి. పైకెక్కేటప్పుడు, కిందికి దిగేటప్పుడు అంత వేగం ఉండదు. దారి కూడా మహావృత్తం వెంబడి గీసినట్టు పోదు.

నేను ఎవరికైనా నోటితో చెప్పేది ఒకటే సూత్రం. దూరాన్ని 850తో భాగించి అరగంట కలపండి. ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి లండన్‌కు 14,500 కి.మీ. 850తో భాగిస్తే 17 గంటలు, అరగంట కలిపితే పదిహేడున్నర. 2018 మార్చిలో మొదలైన ఆ సర్వీసు టైమ్‌టేబుల్ కూడా ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. లండన్–సింగపూర్‌కు 13 గంటల 20 నిమిషాలు వస్తుంది. వెళ్లేటప్పుడు ఇది దాదాపు సరిపోతుంది. తిరిగి వచ్చేటప్పుడు పద్నాలుగు గంటలు అవుతుంది. ఎందుకంటే గాలి.

భూమధ్యరేఖకు, ధ్రువాలకు మధ్య ఉండే అక్షాంశాలలో, విమానాలు ఎగిరే ఎత్తులోనే, పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహం ఉంటుంది. దాని వేగం గంటకు 200 కి.మీ. ఉండటం మామూలే. చలికాలంలో 300 దాటిన రోజులూ ఉంటాయి. తూర్పుకు పోయే విమానాన్ని అది వెనక నుంచి తోస్తుంది, పడమటికి పోయేదానికి అడ్డుపడుతుంది. లండన్, న్యూయార్క్‌ల మధ్య దూరం ఎటు చూసినా 5,540 కి.మీ.లే. కానీ న్యూయార్క్ నుంచి లండన్‌కు టైమ్‌టేబుల్‌లో ఏడు గంటలుంటే, లండన్ నుంచి న్యూయార్క్‌కు ఎనిమిది దాకా ఉంటుంది. 2020 ఫిబ్రవరిలో కియారా తుపాను వేళ ఒక బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరిపోయింది. నేల మీది లెక్కలో దాని వేగం గంటకు 1,300 కి.మీ. దాటింది. అది ధ్వని వేగాన్ని మించిందని కొందరు సంబరపడ్డారు. మించలేదు. చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే అది రోజూ పోయే వేగంతోనే పోయింది, గాలే దాన్ని మోసుకుపోయింది.

పోతూ పోగొట్టుకున్న సమయం వస్తూ రాబట్టుకోవచ్చని చాలామంది అనుకుంటారు. లెక్క అలా ఉండదు. పదివేల కి.మీ. దూరం, 900 కి.మీ. వేగం అనుకోండి. గాలి లేకపోతే రానూపోనూ 22 గంటల 13 నిమిషాలు. గంటకు వంద కి.మీ. గాలి ఉంటే ఎదురుగాలిలో పన్నెండున్నర గంటలు, వెనుకగాలిలో పది గంటలు. మొత్తం ఇరవై రెండున్నర. ఎదురుగాలిలో ఎక్కువ సేపు ఉంటాం కాబట్టి నష్టమే పైచేయి అవుతుంది. డిస్పాచర్ కాగితాల్లో నేల మీది మైళ్లతో పాటు గాలిలో పోయే మైళ్లని విడిగా మరో అంకె ఉండేది ఇందుకే. ఇంధనం ఖర్చయ్యేది రెండోదానికే.

కాబట్టి సూత్రంతో వచ్చిన సమయాన్ని దిక్కును బట్టి సవరించండి. ఉత్తరార్ధగోళం మధ్య అక్షాంశాల్లో తూర్పు పడమరలుగా సాగే దూరప్రయాణమైతే తూర్పుకు ఐదు నుంచి పది శాతం తగ్గించండి, పడమటికి అంతే పెంచండి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పదికే మొగ్గండి. దక్షిణార్ధగోళంలోనూ గాలి దిక్కు ఇదే, కాకపోతే అక్కడ చలికాలం జూన్, జులై, ఆగస్టు నెలల్లో. ఉత్తర దక్షిణాలుగా పోయే దారులకు, భూమధ్యరేఖ పక్కనే సాగే దారులకు ఈ సవరణ అక్కర్లేదు.

గాలి కోసం దారినే మార్చేస్తారు కూడా. ఉత్తర అట్లాంటిక్ మీద విమానాల దారులను ఏ రోజుకారోజు గాలిని చూసి గీస్తారు. పడమటికి పోయేవాటికి పగటి దారులు, తూర్పుకు పోయేవాటికి రాత్రి దారులు. పటం మీద పొడవైన దారి గడియారంలో పొట్టిది కావడం ఈ వృత్తిలో నిత్యం చూసేదే. ఇందాకటి సింగపూర్–న్యూయార్క్ విమానం ధ్రువం పక్కన దగ్గరి దారి ఉన్నా, పసిఫిక్ మీద వెనుకగాలి కోసం అటు మళ్లి పోవడం మామూలే.

దారికి అడ్డంకులు

గాలికన్నా మొండివి సరిహద్దులు. 2022 ఫిబ్రవరి తర్వాత యూరప్ విమాన సంస్థలకు రష్యా గగనతలం మూతపడింది. హెల్సింకి నుంచి టోక్యోకు మహావృత్తం మీద 7,830 కి.మీ.లే. తొమ్మిదిన్నర గంటల్లో చేరేవారు. ఇప్పుడు దాదాపు పదమూడు గంటలు. ధ్రువం మీదుగా అయినా పోవాలి, దక్షిణంగా మధ్య ఆసియా చుట్టి అయినా పోవాలి. దూరం చెప్పే వెబ్‌సైట్లలో అంకె అలాగే ఉంది, మారింది ప్రయాణమే. యూరప్, తూర్పు ఆసియాల మధ్య పాత టైమ్‌టేబుళ్లు చూసి అంచనా వేయకండి.

టిబెట్ పీఠభూమి మీదుగా విమానాలు తక్కువగా ఎగరడానికి కారణం వేరు. క్యాబిన్‌లో పీడనం పోతే విమానం వెంటనే ఊపిరాడే ఎత్తుకు దిగాలి. కింద నేలే ఆ ఎత్తును మించి ఉంటే ఎక్కడికి దిగుతుంది? సముద్రాల మీద ఇంకో నియమం. రెండు ఇంజిన్ల విమానం ఒకటి ఆగిపోయినా నిర్ణీత నిమిషాల్లోగా ఏదో ఒక విమానాశ్రయం చేరగలగాలి. 1985లో ఆ గడువు 120 నిమిషాలుండేది. ఇప్పుడు ఏ350 వంటి విమానానికి 370 నిమిషాల దాకా అనుమతి ఉంది. కాబట్టి ఈ అడ్డంకి ఇప్పుడు ముఖ్యంగా దక్షిణార్ధగోళపు ఖాళీ సముద్రాల మీదే.

టికెట్ మీది గంటలు

టికెట్‌లో రాసిన ప్రయాణ సమయం గాలిలో ఉండే సమయం కాదు. విమానం చక్రాల కింది దిమ్మెలు తీసి గేటు నుంచి కదిలిన క్షణం మొదలు, అవతలి గేటు దగ్గర మళ్లీ ఆగే దాకా. దీన్నే బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే దాకా నెమ్మదిగా నడిపే సమయం, వరుసలో ఆగే సమయం, దిగాక గేటు వెతుక్కునే సమయం అన్నీ ఇందులోవే. పెద్ద విమానాశ్రయాల్లో ఇవే అరగంట దాటిపోతాయి. పైగా సంస్థలు ఆలస్యాల పద్దులో పడకుండా కొంత వెసులుబాటు కలిపి రాసుకుంటాయి. అరగంట ఆలస్యంగా బయల్దేరిన విమానం వేళకు చేరిందని మెచ్చుకునే ముందు ఇది గుర్తుంచుకోండి.

టికెట్ మీది వేళలు ఏ ఊరివి ఆ ఊరి గడియారంలో ఉంటాయి. నేరుగా తీసివేస్తే చిక్కే. జనవరిలో లండన్‌లో రాత్రి 10 గంటలకు బయల్దేరి మర్నాడు సాయంత్రం 7.10కి సింగపూర్ చేరారనుకోండి. తీసివేస్తే 21 గంటల 10 నిమిషాలు. తిరుగు ప్రయాణంలో రాత్రి 11.30కి సింగపూర్‌లో ఎక్కి తెల్లవారి 5.40కి లండన్‌లో దిగితే ఆరు గంటల పది నిమిషాలే. రెండూ అబద్ధమే. రెండు వేళలనూ యూటీసీలోకి, అంటే ప్రపంచ ప్రమాణ సమయంలోకి మార్చండి. సింగపూర్ దానికి 8 గంటలు ముందుంటుంది, చలికాలంలో లండన్ దానితో సమానం. అప్పుడు వెళ్లడానికి 13 గంటల 10 నిమిషాలు, రావడానికి 14 గంటల 10 నిమిషాలు తేలతాయి. ప్రాంతాల తేడాను మనసులో కూడికలు తీసివేతలు చేసి సాధించాలని చూడకండి. కలపాలా, తీసేయాలా అన్నచోటే అందరూ తడబడతారు. యూటీసీలో ఆ గొడవే లేదు.

అంతర్జాతీయ తేదీ రేఖ దాటే ప్రయాణాలకు ఈ పద్ధతి మరీ అవసరం. జులైలో ఆక్లాండ్‌లో రాత్రి 8 గంటలకు ఎక్కారనుకోండి. అది యూటీసీకి 12 గంటలు ముందు, కాబట్టి ఉదయం 8. పన్నెండు గంటలు ఎగిరితే యూటీసీ రాత్రి 8. లాస్ ఏంజెలెస్ వేసవిలో 7 గంటలు వెనక, అంటే అదే తేదీ మధ్యాహ్నం ఒంటిగంట. ఎక్కిన వేళకన్నా ముందే దిగినట్టు! హోటల్ గది ఏ తేదీకి కావాలో ఇక్కడే పొరబడతారు.

కొన్ని దేశాలు వేసవికి గడియారాలను గంట ముందుకు జరుపుతాయి, ఆ మార్పు జరిగే వారాలు మరో చిక్కు. అమెరికా మార్చి రెండో ఆదివారం గడియారాలు ముందుకు జరుపుతుంది, యూరప్ మార్చి చివరి ఆదివారం. వెనక్కి జరిపేది యూరప్ అక్టోబర్ చివరి ఆదివారం, అమెరికా నవంబర్ మొదటి ఆదివారం. ఆ మధ్య రోజుల్లో లండన్, న్యూయార్క్‌ల తేడా ఐదు గంటలు కాదు, నాలుగే.

మధ్యలో ఆగితే

ఒకచోట దిగి మారే ప్రయాణానికి దూరం పెద్దగా పెరగకపోవచ్చు. లండన్ నుంచి సిడ్నీకి మహావృత్తం మీద దాదాపు 17,000 కి.మీ. దుబాయ్‌లో దిగి మారితే రెండూ కలిపి 17,500. లాస్ ఏంజెలెస్ మీదుగా పోతే 20,800. దుబాయ్ దారి దాదాపు తిన్ననిదేనన్నమాట. అయినా గంటలు అలా ఉండవు. ప్రతి దిగడానికీ, ఎక్కడానికీ అరగంట చొప్పున మళ్లీ కలపాలి, నడుమ నిరీక్షణ వేరే. మధ్యలో ఆగే ప్రయాణాన్ని మొత్తం దూరంతో కాక, ఏ ముక్కకాముక్క 850 సూత్రంతో లెక్కించి, నిరీక్షణ కలపండి.

చివరగా మీ లెక్కను నిజంతో సరిచూసుకోండి. ఫ్లైట్‌రాడార్24, ఫ్లైట్‌అవేర్ వంటి వెబ్‌సైట్లలో విమానం నంబరు కొడితే గడిచిన రోజుల్లో అది నిజంగా ఎంతసేపు ఎగిరిందో కనిపిస్తుంది. ఒక్క రోజుది చూసి సరిపెట్టుకోకండి, పది పన్నెండు రోజులవి వరుసగా చూడండి. ప్రయాణం ఆర్నెల్ల తర్వాతైతే ఈ వారం అంకెలను అప్పటికి అన్వయించకండి. గాలి మారుతుంది, మీరు వేసుకున్న శాతం సవరణనే నమ్ముకోండి. ఎప్పటికి దిగుతారో ఇంట్లో చెప్పడానికి ఆ వరుసలో నడుమ ఉన్న అంకె చాలు. అక్కడ ఇంకో విమానం పట్టుకోవాలంటే మాత్రం వరుసలోకెల్లా ఎక్కువ సమయం పట్టిన రోజునే లెక్కలోకి తీసుకోండి.